క్రియాటినిన్ నార్మలే అన్నారు, మరి యూరిన్‌లో ప్రోటీన్ ఎందుకు పోతోంది? (నాన్న రిపోర్టులు, విశాఖ)

సీతమ్మధార_అమ్మాయి | ఏప్రిల్ 6, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ అవసరం పడింది.

మా నాన్నకి 61. స్టీల్ ప్లాంట్‌లో చేసి నిరుడు రిటైరయ్యారు. షుగర్ వచ్చి 14 ఏళ్ళు, బీపీ ఓ పదేళ్ళు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, అమ్లోడిపిన్ వాడుతున్నారు. రెండేళ్ళకోసారి మాస్టర్ చెకప్ చేయిస్తాం. నిరుటికి ముందు ఏడు క్రియాటినిన్ 1.2 వచ్చింది, "కిడ్నీలు బాగున్నాయి" అన్నారు. మేమూ ఆ మాటే పట్టుకుని కూర్చున్నాం.

పోయిన వారం చూపు మసకగా ఉందంటే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు చుక్కలు వేసి, లోపల చూసి, కంటి సంగతి చెప్పకుండా "యూరిన్‌లో ఆల్బుమిన్ ఎప్పుడైనా చూపించారా?" అని అడిగారు. లేదన్నాను. రెటీనాలో రక్తనాళాలు దెబ్బతిన్నాయంటే కిడ్నీలో కూడా దెబ్బతిని ఉండొచ్చు, ముందు అది చూపించండి అన్నారు.

చూపించాం. యూఏసీఆర్ (యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పే అంకె) 412 అని వచ్చింది. క్రియాటినిన్ 1.4, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే లెక్క) 57. కిడ్నీ డాక్టరు అపాయింట్‌మెంట్ శుక్రవారానికి దొరికింది. ఈలోగా నాకు నిద్ర పట్టడం లేదు. 1.2కీ 1.4కీ మధ్య ఏం జరిగిపోయింది?

ఇంకో మాట. ఆర్నెల్ల కిందటే నాన్న అమ్మని "బాత్రూం కడిగే మందు మార్చావా, నురగ వస్తోంది" అని అడిగారట. అమ్మ మార్చలేదు. ఆ సంగతి మాకు ఇప్పుడు గుర్తొచ్చింది.

గాజువాక_నైట్‌డ్యూటీ | ఏప్రిల్ 6, రాత్రి 11:20

చెల్లెమ్మా, నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. ముందు భయం తగ్గించుకో. 57 అంటే డయాలసిస్‌కి చాలా దూరం. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి పది కూడా ఉండదు, అదీ ఊపిరాడక అంబులెన్సులో వస్తేనే తెలుస్తుంది.

కానీ 412 మాత్రం తేలిగ్గా తీసుకునే అంకె కాదు. 30 లోపు ఉండాలి. 300 దాటితే బాగా కారుతున్నట్టు లెక్క. ఆ బాత్రూం నురగ మాట నేను వారానికి ఒక్కసారైనా వింటాను. అందరూ చెప్పేది తర్వాతే.

అక్కయ్యపాలెం_77 | ఏప్రిల్ 7, ఉదయం 6:41

మా ఆవిడకీ షుగర్ ఉంది, 60 ఏళ్ళు. క్రియాటినిన్ 1.2. ల్యాబ్ వాళ్ళ నార్మల్ రేంజ్ 1.3 వరకు ఉంది కాబట్టి మాకు ఫర్వాలేదనుకుంటాను. ఊరికే గూగుల్ చూసి టెన్షన్ పడకండి అమ్మా.

పీజీ_డాక్టరమ్మ | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 2:15

అక్కయ్యపాలెం గారూ, కొంచెం ఆగండి. మీరు ఫర్వాలేదన్న దగ్గరే అసలు చిక్కుంది.

క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే చెత్త. కండ ఎక్కువున్న వాళ్ళలో ఎక్కువ తయారవుతుంది, బక్కపలచని వాళ్ళలో తక్కువ. అందుకే ఒకే అంకెకి అందరిలో ఒకే అర్థం ఉండదు. 1.2 తీసుకోండి. పాతికేళ్ళ కుర్రాడికి ఈజీఎఫ్‌ఆర్ 86 వస్తుంది. సీతమ్మధార అమ్మాయి నాన్నగారికి 59 ఏళ్ళప్పుడు అదే 1.2కి 70. అరవై ఏళ్ళ మీ ఆవిడకి అదే 1.2కి 52! రిపోర్టులో బోల్డు అక్షరాల్లో ఏమీ లేదని ఫైల్లో పెట్టేస్తాం గానీ, అప్పటికే కిడ్నీ పని సగానికి దగ్గరపడి ఉంటుంది. ఒక్క రిపోర్టుతో తేల్చేయకూడదు, మూడు నెలలు అలాగే ఉంటేనే జబ్బు అంటాం. కానీ యూరిన్ ఆల్బుమిన్ మాత్రం చూపించండి, దయచేసి.

ఇక అసలు ప్రశ్న. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సన్నటి జల్లెడలు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా వడకట్టి, దాదాపు అంతా మళ్ళీ రక్తంలోకి పంపేసి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రం బయటికి వదులుతాయి. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఆ జల్లెడ గోడ పాడవుతుంది. దానికి బీపీ తోడైతే లోపల ఒత్తిడి పెరిగి కన్నాలు పెద్దవవుతాయి. రక్తంలోనే ఉండాల్సిన ఆల్బుమిన్ జారిపోతుంది. మొదట్లో క్రియాటినిన్ కదలదు, ఎందుకంటే కొన్ని జల్లెడలు పోతే మిగిలినవి వాటి పని కూడా నెత్తిన వేసుకుని చేస్తాయి. అవీ అలిసిపోయినప్పుడు గానీ అంకె పెరగదు.

మామూలు యూరిన్ టెస్టులో పుల్ల ముంచి రంగు చూస్తారు కదా, అందులో తొలిదశ ఆల్బుమిన్ తెలియదు. మీ మాస్టర్ చెకప్‌లో ఉన్నది బహుశా అదే. యూఏసీఆర్ విడిగా అడిగి చేయించుకోవాలి. ఉదయం మొదటి యూరిన్ ఇస్తే మేలు. జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్, ముందురోజు విపరీతమైన నడక ఉంటే తప్పుగా ఎక్కువ రావచ్చు, అందుకే మళ్ళీ చేయించమంటారు.

షుగర్ రెండో రకం వాళ్ళకి జబ్బు తెలిసిన రోజు నుంచే ఏటా ఒకసారి ఈ పరీక్ష చేయాలి. మన దగ్గర జరగదు. ఖర్చు ఎక్కువనీ కాదు. ఎవరూ రాయరు, ఎవరూ అడగరు, అంతే.

ప్రకృతి_బాట | ఏప్రిల్ 7, సాయంత్రం 5:03

ఇంగ్లీషు మందుల వల్లే కిడ్నీలు పోతాయి. మా బంధువుల్లో ఒకరు అన్నీ మానేసి కొండపిండి ఆకు కషాయం, ఓ పసరు మందు నలభై రోజులు తాగారు. షుగర్ 300 నుంచి 110కి వచ్చింది. కావాలంటే అడ్రస్ ఇస్తాను.

ఉద్దానం_బిడ్డ | ఏప్రిల్ 7, సాయంత్రం 6:30

బావూ, ఆ అడ్రస్ నీ దగ్గరే ఉంచు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. ఇప్పుడు మద్దిలపాలెంలో అద్దెకుంటూ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పోతున్నాను, నాలుగేసి గంటలు. నాకు షుగర్ లేదు. మొదట్లో బీపీ కూడా లేదు. మా ఊళ్ళో ఇంటికొకరు చొప్పున ఇలాగే పోయారు. నీళ్ళన్నారు, మట్టన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనన్నారు, ఎంతమంది వచ్చి రక్తాలు తీసుకుపోయినా ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో పెద్దాసుపత్రి, రీసెర్చి సెంటరూ తెరిచారు, అంతకుముందు ప్రతిదానికీ వైజాగ్ రావాల్సిందే.

నేనూ పసర్లు తాగాను. ఒకటి కాదు మూడు రకాలు. ఆ నాలుగు నెలల్లో క్రియాటినిన్ 3 నుంచి 7కి పోయింది. పసరు వల్లే పోయిందా, పోయేది పోయిందా నాకు తెలీదు. పోయిన నాలుగు నెలలు మాత్రం తిరిగి రాలేదు.

అమ్మాయిగారూ, మీ నాన్నగారికి ఎందుకు వచ్చిందో తెలుసు, దానికి మందు ఉంది. మా వాళ్ళకి ఆ రెండూ లేవు. శుక్రవారం తప్పకుండా వెళ్ళండి.

నిర్వాహకుడు | ఏప్రిల్ 7, రాత్రి 8:10

మందులు మానేయమని చెప్పే పోస్టులు ఈ వేదికలో ఉంచం. ప్రకృతి_బాట గారూ, ఈ ఒక్కసారికి జవాబులు ఉన్నాయి కాబట్టి మీ పోస్టు తీయడం లేదు.

మందుల_కొట్టు_మాధవధార | ఏప్రిల్ 7, రాత్రి 10:48

కొట్టు కట్టేసి రాస్తున్నాను. రెండు ముక్కలు.

ఒకటి, "షుగర్ తగ్గింది" అన్న మాట. ఇరవై రెండేళ్ళుగా కౌంటర్లో కూర్చుంటున్నాను. పన్నెండు, పదిహేనేళ్ళు షుగర్ ఉన్న పెద్దాయన ఒకరోజు నవ్వుతూ వస్తాడు, "బాబూ, నా షుగర్ నయమైపోయింది, మాత్ర సగం వేసుకున్నా 80కి దిగిపోతోంది" అని. నాకు గుండె గుభేలుమంటుంది. ఒంట్లోని ఇన్సులిన్‌ని కొంత బయటికి పంపేది కిడ్నీలే. అవి మందగిస్తే ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లోనే తిరుగుతుంది. గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి మాత్రల ప్రభావమూ సాగుతుంది. తిండి మారకుండా, బరువు తగ్గకుండా, షుగర్ దానంతటది పడిపోతుంటే స్వీట్లు పంచుకోవడం కాదు, క్రియాటినిన్ చూపించుకోవాలి. పసరు తాగితే 110కి వచ్చిందన్న ఆ బంధువుగారి క్రియాటినిన్ ఎంతో ఒకసారి కనుక్కోండి ప్రకృతి_బాట గారూ. వెటకారం కాదు, నిజంగానే అంటున్నాను.

రెండోది అమ్మాయికి ప్రశ్న. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులున్నాయా? ఏం వేసుకుంటున్నారు?

సీతమ్మధార_అమ్మాయి | ఏప్రిల్ 8, ఉదయం 7:25

ఉన్నాయండీ. మీరడిగాక నాన్న అలమరలో చూశాను. ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్పులు, ఖాళీవి ఆరు, సగం వాడింది ఒకటి. చీటీ లేకుండానే కొంటున్నారట. "నొప్పి మాత్ర కూడా ఒక మందేనా, డాక్టరుకి చెప్పడానికి" అన్నారు. రెండేళ్ళుగా వారానికి మూడు నాలుగు.

మందుల_కొట్టు_మాధవధార | ఏప్రిల్ 8, ఉదయం 9:02

అనుకున్నాను. ఆ పాపంలో మా వాళ్ళకీ వాటా ఉంది, ఒప్పుకుంటాను. అడిగితే ఇచ్చేస్తాం.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, ఇవన్నీ కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని ఇరుకు చేస్తాయి. బీపీ కూడా పెంచుతాయి, ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెడతాయి. బీపీకి టెల్మిసార్టన్ లాంటిదీ, నీరు పోయే మాత్రా వేసుకునేవాళ్ళు పైన ఇది కూడా వేస్తే కిడ్నీ మీద మూడు వైపుల నుంచీ దెబ్బ. శుక్రవారం ఆ ఖాళీ స్ట్రిప్పులు కూడా సంచిలో వేసుకుని వెళ్ళండి. నొప్పికి పారాసిటమాల్ ఎంతవరకు వాడొచ్చో ఆయన్నే అడగండి.

రిటైర్డ్_మాస్టారు_భీమిలి | ఏప్రిల్ 8, రాత్రి 8:37

అందరూ కిడ్నీ గురించే మాట్లాడుతున్నారు. అమ్మా, మీ నాన్నగారి గుండె ఎవరైనా చూశారా?

ఎందుకడుగుతున్నానంటే, మా ఇంట్లో జరిగింది. మా ఆవిడకి పద్దెనిమిదేళ్ళ షుగర్. మూడేళ్ళ కిందట సంక్రాంతికి ముందురోజు అరిసెల పిండి కలుపుతూ, ఒక్కసారిగా చెమటలు పట్టి పీట మీదే వెనక్కి వాలిపోయింది. ఛాతీలో నొప్పి లేదు. అడిగాను కూడా, నొప్పి ఉందా అని. "లేదు, నీరసంగా ఉందంతే" అంది. లో షుగర్ అనుకుని చక్కెర నీళ్ళు తాగించాను. మిషన్‌తో చూస్తే 240! అప్పటికీ నాకు తట్టలేదు. గ్యాస్ అనుకుని ఇంకో గంట కూర్చున్నాం. పక్కింటి కుర్రాడు బలవంతంగా కారెక్కించాడు. ఈసీజీ తీయగానే హార్ట్ ఎటాక్ అన్నారు.

డాక్టరు తర్వాత చెప్పాడు. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో నరాలు దెబ్బతిని గుండె నొప్పి తెలియకపోవచ్చట. చెమట, ఆయాసం, వాంతి, ఏదో తెలియని నీరసం, ఇవే దాని భాష. ఆ గంట నా వల్ల పోయింది. గుండె కండరంలో కొంత భాగం ఆ గంటలోనే పోయిందని అనుకుంటూ ఉంటాను. ఇప్పుడు ఆవిడ పంపింగు 38 శాతం. రెండు తలగడలు పెట్టుకుని పడుకుంటుంది. మూడోది అడిగిన రాత్రి నేను డాక్టరుకి ఫోన్ చేస్తాను, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందన్న మాట.

మీ నాన్నగారికి మెట్లెక్కితే ఆయాసం ఉందా?

సీతమ్మధార_అమ్మాయి | ఏప్రిల్ 8, రాత్రి 9:15

మాస్టారూ, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఉంది. ఉగాదికి సింహాచలం వెళ్ళినప్పుడు మెట్ల మార్గంలో వెళ్దామని, నాలుగుచోట్ల ఆగి ఆగి ఎక్కారు. "వయసు" అన్నారు. కాళ్ళకి సాయంత్రం పూట వాపు కూడా ఉంటోంది.

పీజీ_డాక్టరమ్మ | ఏప్రిల్ 8, రాత్రి 11:50

వాపు అమ్లోడిపిన్ వల్ల కూడా వస్తుంది, కిడ్నీ వల్లా, గుండె వల్లా వస్తుంది. ఇంట్లో కూర్చుని తేల్చలేం. ఎకో (గుండె స్కాన్) చేయించండి.

మాస్టారు అడిగింది సరైన ప్రశ్న. ఆల్బుమిన్ కారడం కిడ్నీ ఒక్కదాని గొడవ కాదు. ఒంట్లో రక్తనాళాల లోపలి పొర అంతా పాడవుతోందని అది చెప్తుంది. యూరిన్ టెస్టులో కనిపిస్తుంది కాబట్టి కిడ్నీలో ముందు పట్టుకుంటాం, గుండె నాళాల్లో కనిపించదు కాబట్టి పట్టుకోం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో డయాలసిస్ దాకా వెళ్ళేవాళ్ళ కంటే, ముందే గుండె జబ్బుతో పోయేవాళ్ళు ఎక్కువ. వినడానికి కఠినంగా ఉన్నా, వార్డులో రోజూ చూసేదే. నైట్ డ్యూటీ, వెళ్తున్నా.

సీతమ్మధార_అమ్మాయి | ఏప్రిల్ 12, సాయంత్రం 4:44

నిన్న ఇద్దరు డాక్టర్లనీ చూశాం.

ఎకోలో పంపింగు 58 శాతం, బాగానే ఉంది. కానీ ఎడమ గది గోడ మందమైందట, బీపీకి ఎదురు తోసి తోసి. గుండె ముడుచుకోవడం బాగుంది, సాగడం తగ్గింది, అందుకే మెట్ల దగ్గర ఆయాసం అన్నారు. టీఎమ్‌టీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) తర్వాత చేద్దామన్నారు.

కిడ్నీ డాక్టరు గారు స్ట్రిప్పులు చూసి తల పట్టుకున్నారు. నొప్పి మాత్ర పూర్తిగా బంద్. అమ్లోడిపిన్ సగం చేసి టెల్మిసార్టన్ 40 మొదలుపెట్టారు. రెండు వారాల తర్వాత క్రియాటినిన్, పొటాషియం చూసి డపాగ్లిఫ్లోజిన్ కలుపుతామన్నారు. గ్లిమెపిరైడ్ తగ్గించారు. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ రాశారు. బీపీ 130/80 లోపు ఉండాలి, ఇంట్లో రాసిపెట్టండి అన్నారు.

ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదట, అంటే చిన్న చెంచాడు, అదీ అన్నిట్లో కలిపి. ఇక్కడే ఇంట్లో యుద్ధం మొదలైంది. నాన్న హార్బర్ నుంచి తెచ్చిన ఉప్పుచేప డబ్బా అమ్మ పనమ్మాయికిచ్చేసింది. నాన్న రెండు పూటలు మాట్లాడలేదు.

అక్కయ్యపాలెం_77 | ఏప్రిల్ 12, రాత్రి 7:19

మాగాయ కూడా లెక్కేనా?

గాజువాక_నైట్‌డ్యూటీ | ఏప్రిల్ 12, రాత్రి 7:31

మాగాయ, అప్పడం, బీచ్‌లో మూరీ మిక్చర్, బేకరీ బన్ను, అన్నీ లెక్కే అన్నయ్యా. మరో సంగతి, "బీపీ వాళ్ళకి మంచిది" అని షాపుల్లో లో సోడియం ఉప్పు అమ్ముతారు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ మందగించి, పైగా టెల్మిసార్టన్ వాడేవాళ్ళకి అది ప్రమాదం. డాక్టరుని అడక్కుండా కొనొద్దు.

బీపీ ఎలా చూడాలో కూడా చెప్పేస్తాను, చాలామంది తప్పు చేస్తారు. మణికట్టు మిషన్ కాదు, దండకి కట్టేది. కాఫీ తాగిన అరగంట లోపు వద్దు. యూరిన్‌కి వెళ్ళొచ్చి, వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు. తలనొప్పి వచ్చిన రోజే చూసుకునేవాళ్ళకి బీపీ తెలీదు, తలనొప్పి తెలుస్తుందంతే.

సీతమ్మధార_అమ్మాయి | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:08

ఎవరైనా ఉన్నారా? ఇవాళ్టి రిపోర్టులో క్రియాటినిన్ 1.6. మందు వేశాక తగ్గాలి కదా, పెరిగిందేమిటి? పొటాషియం 5.4. మా మావయ్య "ఆ కొత్త మాత్రే కిడ్నీలు తినేస్తోంది, మానేయండి" అని ఇంట్లో గొడవ. డాక్టరు ఫోన్ ఎత్తడం లేదు, ఆదివారం.

పీజీ_డాక్టరమ్మ | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:40

మానొద్దు. ఊపిరి పీల్చుకుని చదువు.

జల్లెడలోకి రక్తం ఒక గొట్టంలో వస్తుంది, ఇంకో గొట్టంలో పోతుంది. షుగర్ వాళ్ళలో లోపల ఒత్తిడి ఎక్కువ. టెల్మిసార్టన్ ఏమో, రక్తం బయటికి పోయే గొట్టాన్ని కాస్త వదులు చేస్తుంది, ఒత్తిడి దిగుతుంది, ఆల్బుమిన్ కారడం తగ్గుతుంది. ఒత్తిడి దిగితే వడకట్టేదీ కొంచెం తగ్గుతుంది కదా, అందుకే మొదట్లో క్రియాటినిన్ పెరుగుతుంది. 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా మందు ఆపరు. మీది 1.4 నుంచి 1.6, అంటే 14 శాతం. ఈ భయంతోనే చాలామంది మంచి మందు మానేసి, ఐదేళ్ళ తర్వాత మాకు కనిపిస్తారు.

నాకు గుచ్చుకుంటున్నది పొటాషియం. 5 లోపు ఉండాలి. బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఏ సూచనా లేకుండా. రేపే డాక్టరుకి చూపించండి. ఈలోగా చెప్పండి, నాన్నగారు రోజూ ఏం తాగుతున్నారు?

సీతమ్మధార_అమ్మాయి | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:52

ఎండలు కదండీ. చలవ చేస్తుందని, కిడ్నీలకి మంచిదని, అమ్మ రోజూ రెండు కొబ్బరిబొండాలు తెప్పిస్తోంది. మావయ్య సలహాయే.

ఉద్దానం_బిడ్డ | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2:10

అయ్యో. ఆపేయండమ్మా. కొబ్బరి నీళ్ళ నిండా పొటాషియమే. చుట్టూ కొబ్బరితోటలున్న ఊరు మాది, నేను బొండాం తాగి మూడేళ్ళయింది. ఎండాకాలం మా చెట్టు కింద నిలబడితే ఎలా ఉంటుందో చెప్పలేను. నాకు రోజుకి లీటరు నీళ్ళే. దాహం వేస్తే ఐసు ముక్క నోట్లో పెట్టుకుంటాను. రెండు డయాలసిస్‌ల మధ్య రెండు కిలోలు పెరిగితే మా సిస్టర్ తిడుతుంది.

మీ నాన్నగారికి నీళ్ళ లెక్క లేదు, అది వేరే దశ. నా లెక్క ఆయనకి పెట్టకండి.

సీతమ్మధార_అమ్మాయి | మే 11, రాత్రి 9:30

బొండాలు మానేశాక పొటాషియం 4.8. క్రియాటినిన్ 1.5. డపాగ్లిఫ్లోజిన్ మొదలైంది. షుగర్ మాత్ర కదా, కిడ్నీకేమిటి అని నాన్న అడిగితే డాక్టరు గారు, షుగర్ లేని కిడ్నీ రోగులకి కూడా పనిచేస్తుందని 2020లోనే తేలింది, గుండె ఆయాసానికి కూడా ఇస్తాం అన్నారు.

మందుల_కొట్టు_మాధవధార | మే 11, రాత్రి 10:55

మంచి మందు. ఒకప్పుడు ఖరీదని నెల వాడి మానేసేవాళ్ళు. 2020 అక్టోబరులో మన దేశంలో పేటెంట్ తీరాక పదుల కంపెనీలు చేస్తున్నాయి, ధర బాగా దిగింది. ఇదే జాతి మందు ఎంపాగ్లిఫ్లోజిన్‌కీ 2025 మార్చిలో అదే జరిగింది. జనౌషధిలో అడిగి చూడండి.

రెండు సంగతులు ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తాను. ఇది షుగర్‌ని యూరిన్‌లోకి పంపేస్తుంది. ఏ ల్యాబ్‌లోనైనా యూరిన్ షుగర్ నాలుగు ప్లస్‌లు వస్తుంది, కంగారు పడొద్దు. ఆ తీపికే అక్కడ ఫంగస్ దురద రావచ్చు, వెళ్ళిన ప్రతిసారీ కడుక్కోమని చెప్పండి. కూతురిగా చెప్పడం మొహమాటమైతే నాన్నగారిని నా కొట్టుకి పంపండి, నేను చెప్తాను.

వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి తినలేని రోజున ఈ మాత్ర, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ తాత్కాలికంగా ఆపాలేమో ముందే డాక్టరుతో మాట్లాడి చీటీ మీద రాయించుకోండి. వైజాగ్ ఉక్కలో ఒక్క రోజు విరేచనాలు చాలు ఒళ్ళు ఎండిపోవడానికి. ఆపరేషన్ ఏదైనా ఉంటే మూడు రోజుల ముందే చెప్పాలి.

అక్కయ్యపాలెం_77 | మే 12, ఉదయం 6:20

అమెరికా నుంచి మా అబ్బాయి నాకు ప్రోటీన్ పొడి పంపాడు. యూరిన్‌లో ప్రోటీన్ పోతుంటే తింటే భర్తీ అవుతుంది కదా?

పీజీ_డాక్టరమ్మ | మే 12, మధ్యాహ్నం 3:00

అలా భర్తీ అవదండీ, జల్లెడ మీద బరువు పెరుగుతుంది. డయాలసిస్ ముందు దశలో కిలో బరువుకి 0.8 గ్రాముల దగ్గర ఉంటే చాలు, అంటే పప్పూ, పెరుగూ, ఓ గుడ్డో చేపముక్కో. డయాలసిస్ మొదలయ్యాక తిరగబడుతుంది, అప్పుడు ఎక్కువ తినమంటాం. ఇంతకీ మీ ఆవిడ యూరిన్ టెస్ట్?

రిటైర్డ్_మాస్టారు_భీమిలి | జూన్ 3, రాత్రి 8:05

థ్రెడ్ కిందికి పోకుండా ఒక ప్రశ్న. మా తమ్ముడికి ఈజీఎఫ్‌ఆర్ 17. చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఆపరేషన్) ఇప్పుడే చేయించుకోమన్నారు. డయాలసిస్ ఇంకా లేనప్పుడు చెయ్యి కోయించుకోవడమేమిటని వాడు మొండికేశాడు.

గాజువాక_నైట్‌డ్యూటీ | జూన్ 3, రాత్రి 11:40

మాస్టారూ, చేయించండి. నరం గట్టిపడి సూది పట్టడానికి వారాలు, నెలలు పడుతుంది. ముందే లేకపోతే అత్యవసరంగా మెడలో గొట్టం వేయాలి, అది ఇన్ఫెక్షన్లకి వాకిలి. ఈలోగా ఫిస్టులా చేయబోయే చేతికి రక్తం తీయనివ్వకండి, బీపీ పట్టీ కట్టనివ్వకండి.

ఖర్చు గురించి కూడా అనుకుంటున్నారేమో. ఎన్టీఆర్ వైద్యసేవలో, మనమింకా ఆరోగ్యశ్రీ అంటాం కదా, డయాలసిస్ ఉంది. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి నెలకు 10 వేల పింఛనూ ఉంది, సచివాలయంలో అడగండి. సీటు ఉందేమో కేజీహెచ్, విమ్స్ ఆసుపత్రులు రెండుచోట్లా కనుక్కోండి.

సీతమ్మధార_అమ్మాయి | జూన్ 29, సాయంత్రం 6:18

నాన్న సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్తానంటున్నారు. ఇరవై ఏళ్ళుగా తప్పలేదు. 32 కిలోమీటర్లు, రాత్రంతా, చెప్పుల్లేకుండా. బీపీ ఇప్పుడు 126/78 వస్తోంది, "నాకేం" అంటున్నారు. నేను వద్దంటే దేవుడికి అడ్డుపడినట్టు చూస్తున్నారు.

రిటైర్డ్_మాస్టారు_భీమిలి | జూన్ 29, రాత్రి 8:00

టీఎమ్‌టీ అయిందా? కాకపోతే ముందు అది. షుగర్ కాళ్ళతో చెప్పుల్లేకుండా 32 కిలోమీటర్లంటే, గుండె సంగతి పక్కన పెట్టు, అరికాలి పుండు చాలు. గాజు పెంకు గుచ్చుకున్నా తెలియదు వాళ్ళకి. అప్పన్న అన్నీ చూస్తాడు గానీ మందుల చీటీ చూడడు. ఆయనకి ఆ రాత్రి చేయడానికి వేరే పని ఏదైనా ఇచ్చి చూడు.

సీతమ్మధార_అమ్మాయి | జూలై 14, రాత్రి 9:05

టీఎమ్‌టీలో కొంచెం అనుమానం ఉందన్నారు, వచ్చే నెల యాంజియో. డై వల్ల కిడ్నీకి ఇబ్బంది లేకుండా ముందురోజే సెలైన్ ఎక్కిస్తారట, ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకున్నారు.

ప్రదక్షిణ మాన్పించగలిగాం. మాస్టారి ఐడియానే. అప్పుఘర్ దగ్గర మా కాలనీ వాళ్ళు మజ్జిగ పందిరి వేస్తారు, నాన్నని అక్కడ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. బూట్లు వేసుకుని, తెల్లవార్లూ జనానికి గ్లాసులు అందిస్తూనే ఉన్నారు. మధ్యలో రెండుసార్లు నా వైపు చూసి "ఇందులో ఉప్పుంది, నేను తాగలేదు" అన్నారు.

యూఏసీఆర్ మొన్న వచ్చింది. 168. క్రియాటినిన్ 1.5 దగ్గరే నిలబడింది. కిడ్నీ డాక్టరు గారు నవ్వడం మొదటిసారి చూశాను.

ఉద్దానం_బిడ్డ | జూలై 14, రాత్రి 9:20

412 నుంచి 168! అమ్మాయిగారూ, ఇవాళ డయాలసిస్ అయ్యి నీరసంగా పడుకుని చదివాను. సంతోషం.

అక్కయ్యపాలెం_77 | జూలై 15, ఉదయం 6:33

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో డాక్టరమ్మ చెప్పిన పరీక్ష నేను జూలైలో చేయించాను, తప్పు నాదే. మా ఆవిడకి యూఏసీఆర్ 46 వచ్చింది. కొత్త థ్రెడ్ పెట్టాలా, ఇక్కడే రాయొచ్చా?

నిర్వాహకుడు | జూలై 15, ఉదయం 7:10

ఇక్కడే రాయండి.

గాజువాక_నైట్‌డ్యూటీ | జూలై 15, ఉదయం 7:14

డ్యూటీ దిగి బస్సులో ఉన్నాను అన్నయ్యా. ముందు ఇది చెప్పండి, శాంపిల్ ఇచ్చిన వారంలో వదినగారికి జ్వరం గానీ యూరిన్ మంట గానీ ఉందా? మోకాళ్ళ నొప్పులకి ఏం వేసుకుంటున్నారు?